ఏ రోజు క్షమాపణ ఆ రోజే

ఫోటో ఫ్రేముల షాపాయనకు ఒకే ఒక్క జబ్బు. సాయంత్రం షట్టర్ దించేలోపు ఎవరో ఒకరికి క్షమాపణ చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆయనకు ముద్ద దిగదు. తప్పు చేశాడా లేదా అన్నది తర్వాతి సంగతి. వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఏనాడూ వమ్ము కాలేదు. అందుకే వీధి వీధంతా ఆయన్ను సారీ గారు అంటుంది. పిల్లలు ఎదురుగానే అంటారు, పెద్దలు చాటుగా అంటారు, ఆయన భార్య విసుగొచ్చినప్పుడు అంటుంది.

ఈ జబ్బుతో అందరికంటే ఎక్కువ తిప్పలు పడ్డది ఆయన కోడలు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్ళుగా, షాపులో ముందు బల్ల దగ్గర కూర్చుని ఆర్డర్లు రాసుకునేది ఆమే. మామగారు వెనక గదిలో అద్దాలు కోసుకుంటూ, ఫ్రేములకు మేకులు కొట్టుకుంటూ ఉండేవాడు. పనిలో దిట్ట. గ్లాస్ కట్టర్‌తో ఒక్క గీత గీశాడంటే అద్దం చెప్పిన మాట విన్నట్టు విరిగేది. అంతటి పనిమంతుడు నోరు తెరిచాడంటే మాత్రం కోడలికి గుండెల్లో రాయి పడేది.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన అబ్బాయి తన పెళ్ళి ఫోటో ఫ్రేము కట్టించుకున్నాడు. కాగితం చుట్టించుకుని, సంతోషంగా మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్ళాడు. సారీ గారు వెనకాలే పరుగెత్తాడు.

"బాబూ, ఒక్క నిమిషం. ఫోటో చుట్టూ పెట్టే అట్ట కోసేటప్పుడు నీ ఎడమ చెవి అర అంగుళం లోపలికి పోయింది. నా తప్పే. క్షమించు."

అప్పటిదాకా ఆ అబ్బాయి చూసుకోనే లేదు. అక్కడికక్కడే కాగితం విప్పి చూశాడు.

"నా చెవేదండీ?"

"లోపలే ఉంది బాబూ. భద్రంగా ఉంది."

అట్ట మళ్ళీ కోశారు. ఈసారి చెవి వచ్చింది గానీ పెళ్ళికూతురి మోచెయ్యి పోయింది. దానికి ఇంకో క్షమాపణ. మూడోసారికి ఇద్దరూ పూర్తిగా బయటపడ్డారు.

"అతను గమనించలేదు కదా మామయ్యగారూ, ఎందుకు చెప్పారు?" అని కోడలు నెత్తి కొట్టుకుంది.

"నేను గమనించాను కదమ్మా," అన్నాడాయన.

చేతులతో చేసిన తప్పులైతే సరే అనుకోవచ్చు. మనసులో చేసినవాటికి కూడా చెప్పుకునేవాడు, అక్కడే వచ్చేది చిక్కు. ఒక టీచరమ్మ రిటైరైన సందర్భంగా తీయించుకున్న ఫోటో తెచ్చింది. అది తీసుకెళ్ళడానికి ఆవిడ వచ్చినప్పుడు, సారీ గారు వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, మీ ఫోటోకు అద్దం బిగిస్తూ మనసులో నవ్వుకున్నాను. క్షమించాలి."

"నవ్వుకున్నారా? ఎందుకు? అందులో నవ్వడానికి ఏముంది?"

ఏముందో ఆయన వివరించాడు. ఆ వివరణకు మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళి ఇంకో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

పక్కషాపు మంగలి ఒకసారి కొత్త బోర్డు పెట్టించాడు. అది ఫ్రేముల షాపు బోర్డును సగం మింగేసింది. మామగారు వెళ్ళి గట్టిగా అడుగుతాడని కోడలు ఆశపడింది. ఆయన వెళ్ళాడు. మంగలి ఎవరికో గడ్డం గీస్తున్నాడు. "మూడు రోజులుగా మీ బోర్డు చూసి పళ్ళు నూరుతున్నానండీ. అలా నూరడం తప్పు. క్షమించండి," అని చెప్పి వచ్చేశాడు. కత్తి పట్టుకున్న మంగలి చేతికి ఏం చేయాలో తోచలేదు, గడ్డం అప్పగించినవాడు మాత్రం ఊపిరి బిగబట్టాడు. తెల్లవారేసరికి బోర్డు జరిగింది. ఏదో అదృష్టం కొద్దీ జరిగిందిలే అనుకుంది కోడలు.

చర్చిలో పాస్టరు గారిని కూడా వదల్లేదు. ఆరాధన అయ్యాక అందరూ "వాక్యం చాలా బాగా చెప్పారండీ" అని చేతులు కలుపుతుంటే, ఈయన వంతు వచ్చినప్పుడు, "ప్రసంగంలో రెండో అంశం దగ్గర నిద్రపోయానయ్యగారూ. మూడో అంశం దగ్గర మెలకువ వచ్చింది, అయినా కళ్ళు తెరవలేదు. క్షమించండి," అన్నాడు. పై వారం నుంచి పాస్టరు గారు రెండు అంశాలతో ముగించడం మొదలుపెట్టారు. సంఘమంతా సారీ గారికి లోలోపల దండం పెట్టుకుంది.

ఇంట్లో అత్తగారు రాటుదేలిపోయింది. ఆయన గడపలో కాలు పెడుతూ "ఏమోయ్, పొద్దున నువ్వు" అని మొదలుపెట్టీ పెట్టకముందే, "క్షమించాను, కాళ్ళు కడుక్కుని రండి," అనేసేది. ఏ విషయమో అడిగి నలభై ఏళ్ళయింది.

ఒకరోజు సాయంత్రం కోడలు ఉండబట్టలేక అడిగేసింది. "ఇదంతా దేనికి మామయ్యగారూ? చివర్లో ఒక్కసారి దేవుడికి చెప్పుకుంటే సరిపోదా?"

ఆయన అప్పుడు నేల మీద గాజుపెంకులు ఊడుస్తున్నాడు. ఎంత పని ఉన్నా షట్టర్ దించేముందు ఆ గది తనే ఊడుస్తాడు, ఇంకెవరినీ చీపురు పట్టనివ్వడు.

"సరిపోతుందమ్మా. ఆయన కాదనడు. కానీ ఆఖరి రోజున నాకు తీరిక ఉంటుందో ఉండదో. ఊపిరి పీల్చుకోవడమే పెద్ద పని అయిపోతుందట. ఈ పెంకులు చూడు, ఏ రోజువి ఆ రోజు ఎత్తేస్తే రేపు పొద్దున చెప్పుల్లేకుండా తిరగొచ్చు. నాకు అలా తిరగడం ఇష్టం."

కోడలికి తన కన్నతండ్రి గుర్తొచ్చాడు. ఆయన సరిగ్గా దీనికి తిరగేసిన బాపతు.

ఆయనది ప్రింటింగ్ ప్రెస్సు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ను చూద్దాంలే గారు అనేవాళ్ళు. ఏ పని చెప్పినా ఆ నోట వచ్చే మాట అదొక్కటే. ఆయన అచ్చువేసిన క్యాలెండర్లు మార్చి నెలలో చేతికొచ్చేవి. పుట్టినరోజు కార్డులు అచ్చయ్యేసరికి పిల్లాడికి ఇంకో ఏడు నిండేది. చర్చికి రమ్మంటే చూద్దాంలే. తాగుడు మానమంటే చూద్దాంలే. "మారుమనస్సు పొందడానికి ఇంకా ఎంత కాలమయ్యా?" అని పాస్టరు గారు అడిగితే, బైబిల్లోని సిలువ మీది దొంగను సాక్ష్యానికి పిలిచేవాడు.

"ఆ దొంగకు ఆఖరి నిమిషంలో దొరికింది కదండీ పరలోకం. నేను దొంగతనం కూడా చేయలేదు. నాకు అర నిమిషం చాలు."

ఇలాంటి మనిషి కూతురి పెళ్ళి శుభలేఖలు తనే వేస్తానన్నాడు. ఫ్రేములు కట్టేవాడి కొడుక్కి పిల్లనివ్వడం ఆయనకు మొదట్లో బొత్తిగా ఇష్టం లేదు. ఆరు నెలలు గింజుకుని, చివరికి సరేనన్నాడు. సొంత ప్రెస్సు ఉండగా బయట ఎందుకని అందరూ కార్డుల సంగతి ఆయనకే వదిలేశారు. పెళ్ళి దగ్గరికొచ్చింది, కార్డులు రాలేదు. మెషిన్లో రోలర్ విరిగిందన్నాడు. ఆఖరి రెండు రోజుల్లో నోటిమాటగా ఎంతమందిని పిలవగలరు? కార్డు ఇవ్వని పెళ్ళికి ఏం వెళతాంలే అని చాలామంది ఆగిపోయారు. రెండొందల మంది పట్టే చర్చిలో పద్నాలుగు మంది కూర్చున్నారు. పెళ్ళికూతురు నడుచుకుంటూ వస్తుంటే చెప్పుల చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఆ చప్పుడు ఆమె పదకొండేళ్ళుగా వింటూనే ఉంది.

రోలర్ మాట ఆమె నమ్మలేదు. నాన్న నోటితో నిజం చెబుతాడేమోనని ఒక ఏడాది చూసింది. తర్వాత మాట్లాడడం మానేసింది. ఆయన ఎప్పుడైనా వస్తే మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేది. పుట్టింటి గడప తొక్కలేదు. సారీ గారు మాత్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం వియ్యంకుడి ఇంటికి వెళ్ళి, ఏదో ఒక పనికిమాలిన దానికి ఆయనకు క్షమాపణ చెప్పి వచ్చేవాడు. "ఈ రోజు మా నాన్నకు ఏం చెప్పారు?" అని ఆమె ఎత్తిపొడిస్తే, "పోయిన వారం టీ బాగుందన్నానమ్మా. నిజానికి బాగాలేదు. అదే చెప్పి వచ్చాను," అనేవాడు.

అలాంటి చూద్దాంలే గారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో చేర్చారు. మూడు రోజులు, మహా అయితే నాలుగు అన్నాడు డాక్టరు.

కోడలు వెళ్ళి మంచం పక్కన నిలబడింది. "పిల్లలు బాగున్నారా?" అన్నాడు తండ్రి. "బాగున్నారు," అంది. అంతటితో మాటలు అయిపోయాయి. ఆమెకు కావలసింది ఒక్క మాట. అది చెప్పకుండా ఈయన కన్నుమూస్తే ఆ ఖాళీ బెంచీలు తనతో పాటే ముసలివవుతాయని ఆమెకు తెలుసు. అలాగని చావబోయే మనిషిని నిలదీయడానికి నోరెలా వస్తుంది?

పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేద్దామా అంటే రోగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాస్టరు గారు బయటికొచ్చి సారీ గారితో, "ఎంత చెప్పినా నోరు విప్పడం లేదండీ," అని తల పట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం సారీ గారు షాపు మూసి, కోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

"ఏం బావగారూ, అర నిమిషం చాలన్నారు. ఇప్పటికి రెండు రోజులైంది."

చూద్దాంలే గారు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "ఎగతాళి చేయకండి బావగారూ. ఆ దొంగ సంగతేమో గానీ నాకు సిగ్గుగా ఉంది. నలభై ఏళ్ళు తప్పించుకు తిరిగి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? పైగా అలవాటు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు."

"సరే, మీ సంగతి అలా ఉంచండి. నేను నా పని మీద వచ్చాను," అన్నాడు సారీ గారు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు.

కోడలికి ఒళ్ళు మండింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు కూడా ఏ టీ సంగతో, చెవి సంగతో ఎత్తుతాడు కాబోలనుకుంది. చొక్కా పట్టి వెనక్కి లాగేదే, ఈలోపే ఆయన మొదలుపెట్టేశాడు.

"పెళ్ళికి పది రోజుల ముందు మీ ప్రెస్సుకు వచ్చాను బావగారూ. మీరు లేరు. కార్డులు అచ్చయి, కట్టలు కట్టి, బల్ల కింద ఉన్నాయి. కళ్ళారా చూశాను. మీకు ఇష్టం లేక దాచారని అర్థమైంది. గొడవపడితే సంబంధం చెడిపోతుందేమోనని భయమేసింది. రేపు తెస్తారులే, ఎల్లుండి తెస్తారులే అనుకుంటూ కూర్చున్నాను. ఆ కట్ట చంకన పెట్టుకుని వచ్చేసి ఉంటే ఈ పిల్ల ఖాళీ బెంచీల మధ్య నడిచేది కాదు. తప్పు చేశాను. మీరు, ఈ అమ్మాయి, ఇద్దరూ నన్ను క్షమించాలి."

చూద్దాంలే గారు మోచేతుల మీద లేవబోయాడు.

"మీరు క్షమాపణ చెప్పడమేమిటండీ? దాచింది నేను."

"దాచింది మీరే. చూసి ఊరుకున్నది నేను. నా వంతు నేను చెప్పుకుంటున్నాను, మధ్యలో రాకండి."

"మీ వంతెక్కడుందండీ ఇందులో? కార్డులు నావి, ప్రెస్సు నాది, కూతురు నాది. తప్పు మొత్తం నాది."

"మొత్తం మీరే తీసుకుంటే ఎలా? నాకు కొంచెం వదలండి."

"ఇంతైనా వదలను."

గొంతులు పెరిగాయి. నర్సు తలుపు తోసుకుని వచ్చింది. "ఏమిటండీ ఈ గొడవ? ఇది ఆసుపత్రి అనుకున్నారా, ఇంకేమన్నానా? ఇంతకీ తప్పు ఎవరిది?"

"నాది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. నర్సు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, రోగి నాడి పట్టుకుని, అది నిన్నటికంటే గట్టిగా కొట్టుకుంటోందని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

కోడలు మామగారి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"పదకొండేళ్ళుగానా? అర అంగుళం చెవికి వీధి మలుపు దాకా పరుగెత్తారు. దీనికి నోరు పెగల్లేదా?"

సారీ గారు తల దించుకున్నాడు. జవాబు చెప్పింది ఆమె తండ్రి.

"ఆయన చెబితే అది నా మీద చాడీ అయ్యేది తల్లీ. అందుకని ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, టీ బాగాలేదనో, పోయినసారి కుర్చీ గట్టిగా లాగాననో ఏదో ఒకటి చెప్పి, చేతులు కట్టుకుని నా మొహం చూస్తూ కూర్చునేవాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. ఇంత చిన్న తప్పుకు ఈయన చెబుతున్నాడు, నేను చెప్పలేనా అని నాకు అనిపించాలని. అనిపించేది. వచ్చే వారం చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఎన్ని వారాలో చూడు. ఈయన ఒక్క వారం కూడా మానలేదు."

కోడలు గబుక్కున మామగారి వంక చూసింది. ఆయన మేకు దెబ్బలు తిన్న బొటనవేలు నలుపుకుంటూ కూర్చున్నాడు. ఎదుటివాళ్ళ తప్పు ఎంత పెద్దదైనా, అందులో తన వంతు ఎక్కడ దొరుకుతుందా అని వెతికి, ముందు దాన్ని పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టడమే ఈ మనిషి పని అని ఆమెకు అప్పుడర్థమైంది. అవతలివాడికి నోరు తెరవడం తేలిక కావాలని.

"మొదటి మాట ఒక్కటే కష్టం బావగారూ," అన్నాడు సారీ గారు మెల్లగా. "రెండోది దానంతటదే వస్తుంది."

తండ్రి కూతురి వైపు చూశాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి గానీ మాట రాలేదు. మూడోసారి వచ్చింది.

"తల్లీ, కార్డులు లేకపోతే పెళ్ళి వాయిదా పడుతుందనుకున్నాను. నేనైతే వాయిదా వేసేవాణ్ణి. ఆలోగా నీ మనసు మారుతుందని ఆశ. మీరు ఆగలేదు. నీకు చాలా అన్యాయం చేశాను. నన్ను క్షమించు."

పదకొండేళ్ళుగా ఆమె ఈ ఘడియ కోసం ఎన్నో మాటలు దాచిపెట్టుకుంది. ఒక్కటీ గుర్తుకు రాలేదు. మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"క్షమించాను నాన్నా. కార్డు బాగా వచ్చిందా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నా జన్మలో అంత బాగా ఏదీ వేయలేదమ్మా. పైగా చెప్పిన రోజుకు వారం ముందే అయిపోయింది. నేను సమయానికి పూర్తి చేసిన పని అదొక్కటే."

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుకు రోగికి దగ్గు వచ్చింది, నర్సు మళ్ళీ వచ్చింది.

సాయంత్రం పాస్టరు గారికి కబురు పెట్టారు. ఈసారి రోగి గోడవైపు తిరగలేదు. "ఇంత ఆలస్యంగా వచ్చినవాణ్ణి లోపలికి రానిస్తాడంటారా?" అని అడిగాడు. "మీకోసమే ఇంకా తలుపు వేయలేదు," అన్నారు పాస్టరు గారు. చూద్దాంలే గారు చేతులు జోడించి, ఎవరూ అందించకుండానే, దేవుడితో తనంతట తనే మాట్లాడుకున్నాడు. అర నిమిషం చాలన్నవాడికి ముప్పావు గంట పట్టింది.

ఇంటికి నడుస్తూ కోడలు అడిగింది. "మీరు రోజూ చెప్పుకున్నారు, ఆయన ఆఖరున ఒక్కసారి చెప్పుకున్నాడు. ఇద్దరికీ ఒకటే పరలోకమా మామయ్యగారూ?"

"ఒకటేనమ్మా. అందులో ఏ అనుమానమూ లేదు. కానీ ఆయన పదకొండేళ్ళు నీతో మాట లేకుండా బతికాడు. నేను రోజూ నువ్విచ్చిన కాఫీ తాగుతూ బతికాను. ఇక్కడి సంగతి చూసుకుంటే ఎవరి బతుకు బాగున్నట్టు?"

డాక్టరు మూడు రోజులన్నాడా, చూద్దాంలే గారు అందులోనూ అలవాటు మానుకోలేదు. పన్నెండు రోజులు తీసుకున్నాడు. వాటిలో ఒక్కటీ వృథాగా పోనివ్వలేదు. ప్రెస్సు బల్ల కింద నుంచి కార్డుల కట్టలు తెప్పించాడు. దుమ్ము దులిపితే అక్షరాలు ఇంకా నిగనిగలాడుతున్నాయి. పెళ్ళి తేదీ కొట్టేసి, వచ్చే శనివారం సాయంత్రం నాలుగు గంటలకు, ఆసుపత్రి మూడో అంతస్తు వరండా అని కూతురిచేత రాయించాడు. సారీ గారు వీధి వీధీ తిరిగి పంచాడు.

"ఈ పెళ్ళికూతురు నాకు తెలుసండీ. మీ కోడలు కదా. ఈవిడకు ఇద్దరు పిల్లలు కూడానూ," అన్నాడు మంగలి, కార్డు అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"తెలిసినవాళ్ళయితే తప్పకుండా రావాలి మరి," అన్నాడు సారీ గారు.

శనివారం నాలుగింటికి వరండాలో నిలబడడానికి చోటు లేదు. అప్పుడు రానివాళ్ళంతా వచ్చారు, అప్పుడు పరిచయం లేనివాళ్ళు కూడా వచ్చారు. ఒక్క రోగికి ఇద్దరు సందర్శకులకు మించి రాకూడదని నర్సు ఒకటే మొత్తుకుంది. ఆవిడ చేతిలోనూ ఒక కార్డు పెట్టేసరికి ఊరుకుంది. కోడలు భర్తనూ పిల్లలనూ వెంటబెట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ, దారివ్వండి దారివ్వండి అనుకుంటూ తండ్రి దగ్గరికి చేరేసరికి పది నిమిషాలు పట్టింది. చక్రాల కుర్చీలో కూర్చున్న చూద్దాంలే గారు వచ్చిన ప్రతి ఒక్కరి చెయ్యీ పట్టుకుని, "పిలుపు ఆలస్యమైంది. తప్పు నాదే. క్షమించండి," అని చెప్పాడు. ఒక్కరినీ వదల్లేదు. ఆరు గంటలయ్యేసరికి నూట అరవై మందికి చెప్పాడు.

సారీ గారు ఆ పక్కనే నిలబడి లెక్క చూసుకుంటున్నాడు. నూరు దాటాక ఆయన మొహం కొంచెం ముడుచుకోవడం కోడలు గమనించింది. జనం పలచబడ్డాక ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, నేను రోజుకొకటి చొప్పున కూడబెట్టుకుంటూ వస్తున్నానా, మీరు ఒక్క పూటలో నన్ను మించిపోయేలా ఉన్నారు. ఇందాక మీ మీద అసూయ కలిగింది. క్షమించాలి."

"క్షమించాను," అన్నాడు చూద్దాంలే గారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "ఇలా వచ్చి కూర్చోండి. ఇంకా ముప్పై కార్డులున్నాయి. ఎవరెవరిని మరిచిపోయామో చెప్పండి."

సారీ గారు కూర్చున్నాడు. కోడలు ఒడిలో ఒక కార్డు పెట్టుకుని, కలం మూత తీసి, "చెప్పండి నాన్నా," అంది.